బొమ్మ పక్కన నాలుగు మాటలు

బొమ్మ వేసినవాడు దాన్ని గురించి మాట్లాడకూడదని కొందరంటారు. బొమ్మే మాట్లాడాలట! నిజమే గాని, చూసేవాళ్లకు తెలియని సంగతులు కొన్ని వేసినవాడికి తెలుసు. అవి చెప్పడానికే ప్రదర్శనల్లో చిత్రం పక్కన చిన్న కాగితం అంటిస్తారు. దాన్నే ఆర్టిస్ట్ స్టేట్‌మెంట్ అంటారు.

నాబోటి సైన్సు విద్యార్థికి ఇది కొత్తేం కాదు. మన ల్యాబ్ రికార్డులో ఉండేవేమిటి? ఉద్దేశ్యం, పరికరాలు, పద్ధతి, ఫలితం. ఎందుకు వేశాను, దేనితో వేశాను, ఎలా వేశాను - ఈ మూడూ రాస్తే చాలు. ఫలితం చూసేవాళ్లకు వదిలెయ్యాలి. 'ఈ చిత్రం మీ హృదయాలను కదిలిస్తుంది' అని మనమే రాసుకుంటే, ప్రయోగం చెయ్యకుండా రీడింగులు వేసుకున్నట్టే!

మన పల్నాడులోనే దీనికి పాత ఉదాహరణ ఉంది. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు శాంతమూలుని తోబుట్టువు చాంతిసిరి నాగార్జునకొండ మహాచైత్యం దగ్గర రాతి స్తంభాలు నిలబెట్టించింది. వాటి మీది ప్రాకృత శాసనాల్లో తానెవరో, ఏ మేలు కోరి నిలిపిందో చెప్పుకుంది. రాజును పొగిడించింది గాని స్తంభం అందాన్ని పొగిడించలేదు. పదిహేడు వందల ఏళ్లు దాటినా 'ఎవరు? ఎందుకు?' అన్న ప్రశ్నలకు అక్కడ జవాబు దొరుకుతూనే ఉంది.

నేను నాపరాయి మీద తడి సున్నంతో మిరప చేను వేశాను. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది. ఇది పద్ధతి. ఉద్దేశ్యం దగ్గరికొచ్చేసరికి ఒక మాట అడ్డం పడింది - 'కౌలు'. ఆ చేను మాది కాదు. 'మా చేను అని రాయరాదూ, పొట్టిగా ఉంటుంది' అన్నాడొక మిత్రుడు. పొట్టిగానే ఉంటుంది, కాని అబద్ధమవుతుంది. నలుగురూ చదివేది కాబట్టి నాన్ననడిగాను. "కౌలు కట్టే చేశాంగా, అప్పనంగా చేశామా? ఉన్నదున్నట్టు రాయరా" అన్నాడు.

రాసింది ఇంతే: "పల్నాటి నాపరాయి, పిడుగురాళ్ల సున్నం. అమ్మా నాన్నా కౌలుకు చేసిన మిరప చేను. కోతలయ్యాక అది మాకుండదు. అందుకని వేశాను."

మిత్రులారా, మీరూ రాసి చూడండి. రాశాక ఆ కాగితాన్ని ఇంకొకరి బొమ్మ పక్కన పెట్టండి. అక్కడా సరిపోతే అది మీది కాదు. కొట్టేసి మళ్లీ రాయండి.