పాత టిల్లరునకుఁ గ్రొత్త ఇంజను

ఒకప్పుడు దున్నపోతులు త్రొక్కిన మైపాడు, ఇందుకూరుపేట ప్రాంతపు వరిమళ్ళలోనే నేఁడు ఇనుప దమ్ముచక్రములు తొడిగికొని తిరుగు పవర్ టిల్లరులో, గేరుపెట్టె కంటె ముందుగా ఇంజనే యరిగిపోవుట పరిపాటి. నూనెలో మునిఁగియున్న పండ్లచక్రములను సముద్రపు గాలి ముట్టఁజాలదు గాని, బకింగ్‌హాం కాలువ చేరువనున్న ఉప్పునీటినే చల్లదనమునకుఁ బోసికొన్నచో సిలిండరు చుట్టునున్న దారులు త్రుప్పుపట్టి పూడుకొనిపోవును. 1967లో బెంగుళూరున, జపాను మిత్సుబిషి సహకారముతో వెలసిన వి.ఎస్.టి. వారి టిల్లరుల వంటి వానిలో ఇంజనును, గేరుపెట్టెయు వేఱువేఱుగా నుండి, నడుమ వి-బెల్టులే శక్తిని గొనిపోవుచుండుటచే మార్పిడి సాధ్యమగుచున్నది.

అయినను, అశ్వశక్తి సరిపడినంతమాత్రమున సంబంధము కుదిరినట్లు కాదు. నిమిషమునకు 2,400 చుట్లు తిరుగు డీజిలు ఇంజను స్థానమున 3,600 చుట్లు తిరుగు పెట్రోలు ఇంజనును నిలిపి, పాత పుల్లీ కొలతనే యుంచినచో, గేరుపెట్టెపై వేగము ఒకటిన్నర రెట్లగును. కావున ఇంజను పుల్లీ వ్యాసమును మూఁడింట రెండు వంతులకుఁ దగ్గింపవలెను, ఆ చిన్న పుల్లీపై బెల్టు జాఱకుండఁ జూచుకొనవలెను. భ్రమణదిశ తప్పినచో ముందుగేరు వేసినవాఁడు వెనుకకు నడచును (అంగడివాఁడు అడిగినఁగాని చెప్పని సంగతి యిది).

చౌకయని తేలిక యింజనును గొనుట కంటె, బరువైన ఫ్లైవీలుగల ఒంటి సిలిండరు డీజిలునే, బాగుచేయించిన పాతదైనను సరే, వెదకుట మేలని నా యభిప్రాయము. నాలుగు స్ట్రోకుల ఇంజనులో రెండు చుట్లకొకమాఱే ఇంధనము మండును గదా, తక్కిన కాలమెల్ల బురదతోఁ బెనఁగునది ఆ చక్రపు జడత్వమే. పైఁగా ముందుభాగము తేలికయైనచో హ్యాండిలు బరువంతయు నడుపువాని చేతులపైఁ బడును. అందుచేతనే కొందఱు ముందువైపున ఇనుపదిమ్మెలు బిగింతురు.