కాశీరత్నం కాయలో

మా పెరటి కంచె మీద కాశీరత్నం పొద్దున్నే ఎర్రగా విచ్చుకుంటుంది, ఎండ ముదిరేసరికి ముడుచుకుపోతుంది. మన చూపూ అక్కడితో సరి. తీగకు అసలు పని మొదలయ్యేది అప్పుడే.

నిన్న ఒక పచ్చికాయను గోటితో చీల్చాను. శనగగింజంత ఉంది, కొసన ఎండిన కీలం ఇంకా సూదిలా నిలబడే ఉంది. లోపల పల్చటి పొరలు, నాలుగు అరలు, అరకో గింజ. తెల్లగా, నొక్కితే నీరు చిమ్మేంత లేతగా. దాని కిందిది కాస్త ముదురు కాయ. అందులో గింజను బ్లేడుతో కోస్తే జిగురు మధ్య పచ్చటి మడతలు! మొలిచాక పంగలకర్రల్లా చీలి కనిపించే జంట బీజదళాలు ఇవే. అంత ఇరుకులో ఎంత పొందిగ్గా ముడుచుకున్నాయో. నాకు ఊరెళ్లే పెట్టె సర్దడమే రాదు.

అడుగునున్న ఎండుకాయ వేలు తగలగానే పగిలింది. నాలుగు నల్లటి గింజలు. గోరు దిగదు. నీళ్ల చుక్కలా ఉన్నదేనా ఇది? మూడింటిని డబ్బాలో వేశాను. నాలుగోది రాత్రి నుంచి గిన్నెలో నానుతోంది.