రెండు దరఖాస్తులు, ఒకే కవరు

అమెరికాలో మనవాళ్ల మధ్య గ్రీన్ కార్డు మాటొస్తే సగం కబుర్లు క్యూ గురించే. ఉద్యోగం మీద వచ్చే కార్డుల్లో ఏ దేశానికైనా ఏడు శాతమే పరిమితి కాబట్టి మన లైను ఓ పట్టాన కదలదు. అమెరికా పౌరుల భార్యాభర్తలకి మాత్రం ఆ లైను లేదు. వీసా మీద వచ్చి ఇక్కడే ఉంటున్నవాళ్లయితే, పౌరులు వేసే ఐ-130 పిటిషనూ, మనం వేసే ఐ-485 దరఖాస్తూ ఒకే కవర్లో పంపొచ్చు. మా ఆవిడ ఇక్కడే పుట్టింది. అందుకని మాది ఈ దారి.

"అదృష్టవంతుడివిరా" అన్నారు ఫ్రెండ్స్. నిజమే. కానీ కవరు ఒక్కటే, ఫారాలు బోలెడు. ఒకదాంట్లో రాసిన పేరు, తేదీ, అడ్రసు మిగతావాటిలోనూ అచ్చం అలాగే ఉండాలి. గత ఐదేళ్లలో ఎక్కడున్నామో, ఎక్కడ పనిచేశామో నెలలతో సహా చెప్పాలి. ప్రతి ఫారం అడుగున ఎడిషన్ తేదీ ఉంటుంది, చెల్లని ఎడిషన్ పంపితే తిరిగొచ్చేస్తుంది. 2024 డిసెంబరు 2 నుంచి వైద్య పరీక్షల ఫారం ఐ-693 కూడా ఐ-485తోపాటే పెట్టాలి. డాక్టరు సీలు వేసిచ్చిన ఆ కవరు మనం విప్పకూడదు.

ఇవన్నీ ఓపికుంటే అయిపోయే పనులు. నా బర్త్ సర్టిఫికెట్ దగ్గర ఓపిక ఒక్కటే సరిపోలేదు. బారసాలకి ముందే నమోదు చేయించారు కాబట్టి అందులో నా పేరు గడి ఖాళీ. మన ఊళ్లలో ఇది మామూలే. దానికి తోడుగా టెన్త్ మెమో, నా పుట్టుక స్వయంగా తెలిసిన ఇద్దరి అఫిడవిట్లు జత చేశాం. 'మీకెలా తెలుసు' అన్నచోట మావయ్య, "ఆ రోజు ఆస్పత్రికి క్యారేజీ పట్టుకెళ్లింది నేనే" అని రాయించాడు. ఈ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

ఐ-485లో తల్లిదండ్రులకి పుట్టినప్పుడున్న పేర్లు కూడా అడుగుతారు. అమ్మకి ఫోన్ చేస్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత పుట్టింటి ఇంటిపేరు ఒక్కో అక్షరం చెప్పింది. "పెళ్లయ్యాక ఇది ఎవరూ అడగలేదురా" అంది.

చివరికి మిగిలింది ఐ-864. నేను ప్రభుత్వానికి భారం కాకుండా చూస్తానని మా ఆవిడ పూచీ. ఆదాయం పేదరిక ప్రమాణానికి కనీసం 125 శాతం చూపాలి. నేను పౌరుణ్నయ్యేదాకానో, 40 క్వార్టర్ల పని, అంటే దాదాపు పదేళ్లు, నా లెక్కలో పడేదాకానో ఆ పూచీ ఉంటుంది. విడాకులు తీసుకున్నా పోదు. ఆ మాట చదివి వినిపించి, ఆలోచించుకోమన్నాను.

"పెళ్లిలో పంతులుగారు చదివింది నాకొక్క ముక్క అర్థం కాలేదు. ఇది మాత్రం పూర్తిగా అర్థమైంది" అని సంతకం పెట్టేసింది.

మీరూ ఈ కవరు కడుతుంటే మొత్తం ఒక కాపీ తీసి దాచుకోండి. ఇంటర్వ్యూకి పనికొస్తుంది. లాయరుకంటే ముందు ఇంట్లో పెద్దవాళ్లకి ఫోన్ చేయండి. మనం పుట్టిన రోజు అక్కడున్నవాళ్లు వాళ్లే.