పండక్కి ఆపేసిన చిల్లర్

ఎమ్మారై గదిలోకి వెళ్తే ముందు చెవి రిక్కిస్తాను. కోల్డ్‌హెడ్ పిచ్చుకలా కిచ్‌కిచ్‌మంటుంటే మనసు కుదుటపడుతుంది. ఆ సంక్రాంతి వెళ్లాక ఒక ఆసుపత్రిలో ఆ చప్పుడు లేదు.

“పండక్కి స్కాన్లు లేవు గదా సార్, కరెంటు దండగని చిల్లర్ కట్టేశాం” అన్నాడు ఎలక్ట్రీషియన్.

స్కాన్లు లేకపోయినా అయస్కాంతానికి సెలవుండదు. దాని తీగచుట్టలు మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో చల్లగా ఉంటేనే కరెంటు నిరోధం లేకుండా తిరుగుతుంది. మరిగిన ఆవిరిని కోల్డ్‌హెడ్ మళ్లీ ద్రవం చేస్తుంది. చిల్లర్ నీళ్లు ఆగితే కంప్రెసర్ ఆగుతుంది, దాంతో కోల్డ్‌హెడ్డూ ఆగుతుంది. నాలుగు రోజుల్లో లెవెల్ 78 శాతం నుంచి 66కి దిగింది. 1,700 లీటర్ల ట్యాంకులో రెండొందల లీటర్లు మేడ మీది గొట్టంలోంచి ఆకాశం పాలు. “గాలే కదా” అన్నాడు అకౌంటెంట్, బిల్లు చూసేదాకా.

భూమి లోపల యురేనియం, థోరియం కోట్ల ఏళ్లు క్షీణిస్తే పుట్టే గాలి అది. సహజవాయువుతో పాటు పైకొస్తుంది. మనకు ఖతార్ నుంచో, అమెరికా నుంచో రావాలి. మాది గుంటూరు. 1868 ఆగస్టు 18 సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి ఖగోళవేత్త జాన్సెన్ మా ఊళ్లోనే ఉండి చూశాడు. సూర్యుడిలో హీలియం జాడ తెలిసిన కథలో ఆ గ్రహణానిదే తొలి ఘట్టం. ఆ ఊరివాణ్ణి, ఇప్పుడు లీటర్లు లెక్కపెట్టుకుంటున్నాను.

పాత మిషన్ తీసేసేటప్పుడు “క్వెంచ్ చేసేద్దాం సార్, అరగంటలో పని” అంటారు కుర్రాళ్లు. ఒప్పుకోను. క్వెంచ్ అంటే హీలియమంతా ఒక్కసారిగా మరిగిపోవడమే. లీటరు ద్రవం ఏడొందల లీటర్లకు పైగా వాయువై పోతుంది. నిదానంగా కరెంటు దించి, ట్రాన్స్‌ఫర్ లైన్‌తో ద్రవాన్ని డ్యూవార్ అనే పెద్ద ఫ్లాస్కులోకి తోడతాం. మొదట లైన్ చల్లబడాలి. అప్పటిదాకా కొసన పల్చటి పొగ. అది చిక్కబడి తెల్లటి నాలుకలా సాగితే ద్రవం వచ్చినట్టు. జాయింటు దగ్గర చుక్కలు రాలుతుంటే కొత్తవాళ్లు నీళ్లనుకుంటారు. చుట్టూ ఉన్న గాలే ద్రవమై కారుతుంది అక్కడ! వేలు పెట్టబోయిన ఒక తమ్ముడి చెయ్యి లాగేశాను.

లైన్ చల్లార్చేటప్పుడు పోయే వాయువే నా గుండెల్లో ముల్లు. బెంగళూరు ఐఐఎస్సీలో వాయువును మళ్లీ ద్రవం చేసే ప్లాంటుంది. మేం పనిచేసే ఆసుపత్రుల్లో కనీసం దాన్ని పట్టే సంచీ, సిలిండర్లోకి నొక్కే కంప్రెసరూ ఉండవు.

మొన్న అలా తోడిన డ్యూవార్‌ని మర్నాడే ఇంకో ఊరి మిషన్‌లో ఒంపాం. పాత ట్యాంకు అడుగున లైన్‌కి అందని కాస్త మాత్రం మిగిలిపోయింది. మేడెక్కి చూశాను. గొట్టం మూతిదగ్గర కాసేపు తెల్లటి మబ్బు, తర్వాత ఉత్త ఎండ.