వెనక సీట్లో కూర్చునేవాళ్లను అడిగి కొన్న కారు

కారు కొన్నామని తెలిశాక మార్కాపురంలో ఇరుగుపొరుగు, బంధువులు అడిగిన మొదటి ప్రశ్న "ఎంత పడింది?" రెండోది "ఏ కంపెనీ?" సెకండ్ హ్యాండ్ అని చెప్పగానే కాస్త గొంతు తగ్గించి మూడోది, "అమ్మినవాళ్లు తెలిసినోళ్లేనా?" మూడూ అడగాల్సినవే. కానీ నాలుగు నెలలు బళ్లు చూసి చూసి నాకు అర్థమైంది ఒకటే. వీటన్నిటికంటే ముందు ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సిన మాట ఇంకోటుంది. ఈ బండిలో ఎవరు ఎక్కుతారు, ఎక్కడికి వెళ్తారు, నెలకు ఎన్నిసార్లు?

మా ఇంట్లో ఆ మాటకు జవాబు మా అత్తయ్య. ఆవిడకు 71 ఏళ్లు. రెండేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారు. రెండు నెలలకోసారి గుంటూరు తీసుకెళ్లి డాక్టరుకు చూపించాలి. మోకాళ్లు వంగవు కాబట్టి రైలు మెట్లు ఎక్కడమంటే ఆవిడకు కొండెక్కినంత పని. బస్సులో నాలుగైదు గంటలు కూర్చోలేదు. అద్దె కారు మాట్లాడితే ఒక్కో విడతకు ఐదారు వేలు. ఈ సంక్రాంతి తర్వాత ఆవిడ "ఇప్పుడు బాగానే ఉందిలే అమ్మా, ఈసారికి వద్దు" అనడం మొదలుపెట్టింది. అట్లా రెండు విడతలు దాటిపోయాయి. అది ఒంట్లో బాగుండి అన్న మాట కాదు, మా ఖర్చు చూసి అన్న మాట. అది అర్థమైన రోజే కారు సంగతి తేల్చేయాలని మా వారూ నేనూ అనుకున్నాం.

చేతిలో ఉన్నది 4 లక్షలు. చీటీ పాడితే వచ్చిన రెండున్నర లక్షలు, ఏళ్ల తరబడి దాచిన లక్షన్నర. జూలైలో అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాలి కాబట్టి అప్పు జోలికి పోకూడదు. ఇక్కడ నేను పెట్టిన మొదటి షరతు, 4 లక్షలున్నాయని 4 లక్షల బండి చూడకూడదని. చీర కొన్నాక ఫాల్, జాకెట్టు, కుట్టుకూలి ఉంటాయి కదా, ఇదీ అంతే. పాత బండికి టైర్లు మార్చాల్సి రావచ్చు, బ్యాటరీ పోవచ్చు, ఇన్సూరెన్స్ కట్టాలి, పేరు మార్పించుకోవాలి, కొన్న వారంలోనే ఆయిళ్లన్నీ మార్చి సర్వీసు చేయించాలి. అందుకని బండికి 3 లక్షల 40 వేలు దాటకూడదు, 60 వేలు ముట్టుకోకూడదు అని రాసుకున్నాం.

చిన్న కార్లలో మేం ఐదుగురం ఎక్కితే అత్తయ్య వాకరు, సంచులు పట్టవు. ఎత్తు బళ్లు మా డబ్బుకు దొరకవు, దొరికినా ఆవిడ కాలు ఎత్తి ఎక్కలేదు. అట్లా డిక్కీ ఉన్న సెడాన్ దగ్గర ఆగాం.

అక్కడే ఇంట్లో చిన్న యుద్ధం. మా వారి స్నేహితులొకరు విదేశీ కంపెనీ పెద్ద సెడాన్ అమ్ముతున్నారు. కొత్తలో 15 లక్షల పైమాట, ఇప్పుడు 3 లక్షల 60 వేలకే ఇస్తానన్నారు. తోలు సీట్లు, మెత్తటి నడక. "జీవితంలో ఒక్కసారి మంచి కారెక్కనీవే" అన్నారు ఈయన. ముప్పై ఏళ్లుగా స్కూటరు తోలిన మనిషి అట్లా అడిగితే కాదనడం నాకూ కష్టంగానే ఉంది. మా వీధి చివర షెడ్డులో ఉండే మెకానిక్ అన్న ఆ బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "సార్, ఏనుగు చవగ్గానే వస్తోంది, మావటివాడు మాత్రం హైదరాబాదులో ఉన్నాడు" అన్నాడు.

నేను మా వారిని ఒక్కటే అడిగాను. "అత్తయ్యను తీసుకుని వస్తుంటే రాత్రిపూట వినుకొండ దగ్గర ఆగిపోయిందనుకోండి, ఎవర్ని పిలుద్దాం?" ఆయన జవాబు చెప్పలేదు. మర్నాడు ఒక కాగితం మీద నాలుగు పేర్లు రాసుకుని స్పేర్ పార్టుల షాపుకు వెళ్లొచ్చారు. క్లచ్ ప్లేటు, వాటర్ పంపు, సస్పెన్షన్ బుష్‌లు, సైడ్ అద్దం. మేం చూస్తున్న ప్రతి మోడల్‌కూ ఆ నాలుగూ ఎప్పటికి దొరుకుతాయని అడిగారట. డిజైర్‌కు సాయంత్రానికల్లా, ఇటియోస్‌కు తెల్లారేసరికి అన్నారు. పెద్ద బండికి మాత్రం ఆర్డరు పెట్టాలి, రోజులు చెప్పలేం అన్నారు. ఆ కాగితం నాకిచ్చి, "దాని సంగతి వదిలెయ్" అన్నారు. పాత బండి చూసేవాళ్లెవరికైనా నేను చెప్పే మొదటి పరీక్ష ఈ నాలుగు పేర్ల కాగితమే. ఒంగోలు, గుంటూరు లాంటి ఊళ్ల సంగతి వేరు. మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం లాంటి చోట్ల ఉండేవాళ్లకు నమ్మకమైన బండి అంటే ముందు మన ఊళ్లో బాగయ్యే బండి.

తర్వాత పెట్రోలా, డీజిలా? పక్కవాళ్లంతా డీజిలే అన్నారు. నేను మా ఇంటి ఖర్చుల పుస్తకం తీశాను. గుంటూరు, ఒంగోలు, మా పుట్టిల్లు, ఏడాదికోసారి దోర్నాల మీదుగా శ్రీశైలం, పెళ్లిళ్లు, అన్నీ కలిపినా ఏడాదికి 9 వేల కిలోమీటర్లు దాటదు. పెట్రోలు బండి లీటరుకు 16, డీజిల్ బండి 20 ఇస్తాయనుకుని, పెట్రోలు 110, డీజిల్ 98 రూపాయలు వేసుకుంటే ఏడాదికి తేడా 18 వేల లోపు. అదే వయసున్న డీజిల్ బండికి అమ్మేవాళ్లు 60, 70 వేలు ఎక్కువ చెబుతున్నారు. ఆ ఎక్కువ తిరిగి రావడానికి నాలుగేళ్లు పడుతుంది. మధ్యలో ఒక్క ఇంజెక్టరో టర్బోనో పోతే ఏడాది మిగులు అందులోనే పోతుంది. రోజూ తిరిగేవాళ్లకు డీజిల్ లాభమే. మాకు కాదు.

చవగ్గా వచ్చే డీజిల్ బళ్ల గురించి ఇంకో మాట. ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బళ్లు తిరగకూడదని గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టూ అదే అంది. అందువల్ల అటువైపు బళ్లు తక్కువ ధరకు దక్షిణాదికి వస్తుంటాయి. బండి మంచిదే కావచ్చు. కానీ వేరే రాష్ట్రం బండికి అక్కడి ఆర్టీవో ఆఫీసు నుంచి ఎన్ఓసీ తేవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టి కొత్త నంబరు తీసుకోవాలి. తెలంగాణ బండికైనా ఇదే దారి. చౌక అనుకున్న తేడా అక్కడే కరిగిపోతుంది. అందుకని పాత ఏపీ 27, కొత్త ఏపీ 39 నంబర్లే చూద్దామనుకున్నాం.

కాగితాల దగ్గర మొహమాటపడకూడదు. నంబరు కొడితే ఎంపరివాహన్ యాప్‌లోనే చాలా కనబడతాయి. బండి మీద ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, ఎన్నో ఓనరు, సొంత కారుగానే రిజిస్టర్ అయిందా, క్యాబ్‌గానా. అప్పు తీరిపోయిందని నోటిమాట చెబితే చాలదు, బ్యాంకు ఎన్ఓసీతో పాటు ఫారం 35 ఉండాలి. పేరు మార్పుకు ఫారం 29, 30. ఆర్సీ మొదట 15 ఏళ్లకే ఉంటుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. అంటే 2014 బండికి 2029లో ఆ ఖర్చు కాచుకుని ఉంటుందన్నమాట. చలాన్లు కూడా చూసుకోవాలి. ఇంకోటి, ఇన్సూరెన్స్‌లో నో క్లెయిమ్ బోనస్ మనిషికి వచ్చేది, బండికి కాదు. "బోనస్ కూడా మీకే వస్తుందమ్మా" అని ఒకాయన అన్నారు. రాదు.

ఒంగోలులో ఒకచోట చూసిన బండి మీటరు 42 వేలు చూపించింది. బయట పెయింటు తళతళ. కానీ బ్రేకు పెడలు రబ్బరు నున్నగా అరిగిపోయింది, స్టీరింగు మీద గీతలు చెరిగిపోయాయి. అంత అరుగుదల 42 వేలకు రాదని మెకానిక్ అన్న చెవిలో చెప్పాడు. మరో బండికి సీటు బెల్టు పూర్తిగా లాగితే లోపలి చివర బురద మరక. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని బళ్లు మునిగాయో టీవీల్లో అందరం చూశాం. మునిగిన బండిని ఎంత కడిగినా బెల్టు చివర, స్టెప్నీ కింద గుంటలో ఆనవాళ్లు మిగులుతాయట. టైరు పక్కన చిన్న గడిలో ఉండే నాలుగంకెలు కూడా చదవండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని.

నాకు నేనుగా తట్టింది మాత్రం నీళ్ల సంగతి. మన పశ్చిమ ప్రకాశం బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర ఎట్లా కడుతుందో ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు. మరి ఆ నీళ్లే రేడియేటరులో పోస్తే? ఇంజన్ పూర్తిగా చల్లారాక మూత తీయించి చూడమన్నాను. కూలెంటు పోసిన బండిలో ఆకుపచ్చగానో ఎర్రగానో తేటగా ఉంటుంది. మేం చూసిన ఏడు బళ్లలో మూడింటిలో తుప్పు రంగు నీళ్లు, మూత అంచున సున్నం. అట్లాంటి బండి మే నెలలో ఏసీ వేసుకుని శ్రీశైలం ఘాటు ఎక్కితే ఏమవుతుందో మెకానిక్ అన్న వివరంగా చెప్పాడు. "అక్కా, ఈ మూత నేను ఆఖర్న చూస్తాను, ఇకనుంచి ముందే చూస్తా" అని నవ్వాడు.

ఆఖరికి మిగిలినవి రెండు, ఒక డిజైర్, ఒక ఇటియోస్. రెండూ పెట్రోలువే, రెండూ 2014వే. ఇద్దరు ఓనర్ల ఇళ్లకూ అత్తయ్యను తీసుకెళ్లాం. "నాకేం తెలుసమ్మా కార్ల గురించి" అంది. తెలియక్కర్లేదు, కూర్చుని లేస్తే చాలన్నాను. డిజైర్‌లో కూర్చుంది కానీ లేవడానికి నా చెయ్యి పట్టుకుంది. ఇటియోస్‌లో వెనక కాళ్ల దగ్గర నేల చదునుగా ఉంటుంది, తలుపు వెడల్పుగా తెరుచుకుంటుంది. తలుపు పట్టుకుని తానే లేచి నిలబడింది. డిక్కీ 595 లీటర్లు, అప్పటి డిజైర్‌లో 316. ముందు రెండు ఎయిర్‌బ్యాగులున్న వేరియంటు. అట్లాంటి ఇటియోస్‌కు 2016లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో 4 స్టార్లు వచ్చాయి. ఈ మోడల్ తయారీ 2020లో ఆగిపోయింది, అయినా ట్యాక్సీలుగా తిరిగేవి బోలెడు కాబట్టి పార్టులకు లోటు లేదు. ట్యాక్సీగా తిరిగిన బండి కాదని మాత్రం ఆర్సీలో రూఢి చేసుకున్నాం.

మధ్యాహ్నం రెండు గంటల ఎండలో ఐదుగురం ఎక్కి, ఏసీ వేసి, స్పీడ్ బ్రేకర్లున్న ఊళ్ల మీదుగా ముప్పై కిలోమీటర్లు తిప్పాం. ఒక్కరే తోలి చూస్తే కింద తగులుతుందో లేదో తెలియదు. తగల్లేదు, టెంపరేచరు ముల్లూ కదల్లేదు. 3 లక్షల 65 వేలు చెప్పారు, 3 లక్షల 35 వేలకు కుదిరింది. రెండు టైర్లు, బ్యాటరీ, ఇన్సూరెన్స్, పేరు మార్పు, సర్వీసు అన్నీ అయ్యాక 65 వేలలో 17 వేలు మిగిలాయి. అవి బండి పేరనే విడిగా ఉంచాను.

జూన్‌లో అత్తయ్య గుంటూరు వెళ్లొచ్చింది. డాక్టరు గారు ఒక మాత్ర మార్చారు, ఇంకోసారి ఆలస్యం చేయొద్దని గట్టిగా చెప్పారు. వచ్చే తేదీ ఎప్పుడని ఈసారి ఆవిడే అడిగింది.

ఆ బండి పాత ఓనరు డ్యాష్‌బోర్డులో ఒక నోటు పుస్తకం వదిలివెళ్లారు. ఎప్పుడు ఏ ఆయిలు మార్చారో, ఎన్ని కిలోమీటర్లకు ఏ పార్టు వేశారో తేదీలతో సహా ఉంది. బేరం దగ్గర మాకు ధైర్యమిచ్చింది ఆ పుస్తకమే. అందులో పేజీలు ఇంకా మిగిలి ఉన్నాయి. ఇప్పుడు వాటిలో నేను రాస్తున్నాను.