ఉక్కుపాత్రలో జీవకణాలు

నేను ప్రాచీన కావ్యాలు చదువుకున్నవాణ్ణి. తాళపత్రాలతో కుస్తీ పట్టడమే గాని, యంత్రశాలల ముఖం చూసిన వాణ్ణి కాను. కొన్నేళ్ల క్రితం నా శ్రీమతికి లింఫోమా అనే క్యాన్సర్ వచ్చినప్పుడు వైద్యులు రిటుక్సిమాబ్ అనే మందును బొట్టుబొట్టుగా నరంలోకి ఎక్కించారు. ఆ సీసా వంక గంటల తరబడి చూస్తూ కూర్చున్న నాకు, ఇది ఎక్కడ పుడుతుందన్న కుతూహలం కలిగింది. ఇటువంటి మందులను జీవకణాలే స్రవిస్తాయని చెప్పింది మా పూర్వ విద్యార్థిని ఒకామె. శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీలో, ఒక ఔషధ కర్మాగారంలో ఆమెకు ఉద్యోగం. ఒకనాడు నన్ను తీసుకువెళ్లి, అద్దాల గోడకు ఇవతల నిలబెట్టి చూపించింది.

అవతల నిలువెత్తు ఉక్కుపాత్రలు. ఒక్కొక్క దానిలో 2000 లీటర్ల పోషకద్రవం. అందులో పెరిగేవి, హ్యామ్‌స్టర్ అనే చిట్టెలుక అండాశయం నుండి 1957లో వేరుచేసిన కణాల సంతతి. ఆ ఎలుక ఏనాడో గతించింది. దాని కణాలు మాత్రం నేటికీ విభజన చెందుతూనే ఉన్నాయి. నాకు రక్తబీజుడు గుర్తుకు వచ్చాడు. అయితే ఈ రక్తబీజుడు లోకోపకారి!

ఈ కణాలు మహాసుకుమారమైనవి. సాధారణంగా 37 డిగ్రీల వేడి, 7కు దరిదాపుల్లో పీహెచ్, తగినంత ప్రాణవాయువు సుమారు రెండు వారాలపాటు తప్పక అమరాలి. పాత్రలోకి దిగిన సెన్సర్లు క్షణక్షణం ఆ వివరాలు తెలుపుతుంటే, కంప్యూటర్ వాటిని అనుసరించి గాలినీ క్షారాన్నీ సర్దుతుంటుంది.

"మరి సెన్సరే పొరబడితే?" అన్నాను.

ఆమె కొంతసేపు మాట్లాడలేదు. పూర్వం తాను పనిచేసిన మరొక చోట అదే జరిగిందట. పీహెచ్ సెన్సర్ రోజురోజుకూ కొద్దికొద్దిగా తక్కువ చూపసాగింది. దానిని నమ్మిన కంప్యూటర్ అవసరం లేని క్షారాన్ని పోస్తూ పోయింది. ఆమె చేతితో తీసిన నమూనాలో పీహెచ్ ఎక్కువగా కనిపించింది. బయటికి తీసిన నమూనా నుండి కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతే పీహెచ్ పెరగడం సహజమే. అందువల్ల పైవారు, నమూనాదే తప్పన్నారు.

"నాకు అనుమానం ఉంది సార్. అయినా రెండు రోజులు నోరు మెదపలేదు. కణాలు క్షీణించాయి. మొత్తం పారబోశారు."

ఆమె కళ్లు పాత్రల మీదే ఉన్నాయి. ఒక తాటాకు ప్రతిని మాత్రమే నమ్మి పాఠం స్థిరపరిచి, మరో ప్రతి దొరికిన నాడు తలవంచుకున్న అనుభవం నాకూ ఉంది. కాని నా పొరపాటు వల్ల ఏ రోగికీ మందు అందకుండా పోలేదు.

ఇప్పుడు ఇక్కడ మరొక సెన్సర్‌ను చేర్చారు. అది ద్రవంలో విద్యుత్ క్షేత్రాన్ని కల్పిస్తుంది. పొర చెక్కుచెదరని సజీవకణం కొంత ఆవేశాన్ని నిలుపుకుంటుంది. పొర చినిగిన మృతకణం నిలుపుకోలేదు. ఆ భేదాన్ని బట్టి బతికి ఉన్నవెన్నో ఎప్పటికప్పుడు అంచనా కడతారు. అయినా ఆమె ప్రతిదినం నమూనా తీసి పోల్చి చూడటం మానలేదు. రెండు అంకెలూ కలవకపోతే ఆ పూటే పైవారికి రాసి పంపుతుందట.

ఇంటికి రాగానే నా శ్రీమతి, "ఎలా ఉన్నాయండీ ఆ కణాలు?" అని బంధువుల క్షేమం అడిగినట్లు అడిగింది.

"సాయంత్రం నాలుగింటి దాకా బాగానే ఉన్నాయి" అన్నాను.