బెణుకేగా!

ఆడవాళ్ళ కాలినొప్పికి మన ఇళ్ళలో ఒకటే పేరు - బెణుకు. ఒకటే వైద్యం - చింతపండూ ఉప్పూ ఉడకేసి పట్టు. మర్నాడు మళ్ళీ పొయ్యి ముందు నిలబడాల్సిందే!

మెట్టు జారి మా వదిన చీలమండ మడతపడింది. వాపు పదిరోజుల్లో తగ్గింది. నొప్పి ఆరునెలలైనా వదల్లేదు. ఎక్స్‌రేలో ఏమీ లేదనగానే, "అంతా నీ అనుమానం" అని ఇంటిల్లిపాదీ తేల్చేశారు. చివరికి ఎం.ఆర్.ఐ. వదిన పక్షాన సాక్ష్యం చెప్పింది. చీలమండలోని టాలస్ అనే ఎముకా, దాన్ని కప్పిన నున్నటి మృదులాస్థీ రెండూ దెబ్బతిన్నాయట!

మృదులాస్థికి రక్తనాళాలుండవు. అందుకే గాయమైతే దానంతటది సరిగా మానదు. అది పాడైతే తిరిగి రాదని లండన్‌లో విలియం హంటర్ అనే వైద్యుడు 1743లోనే అన్నాడు. చిన్న గాయానికి కట్టూ, విశ్రాంతీ. లొంగకపోతే సన్నటి గొట్టంతో లోపలికి చూస్తూ, చెడిన పొర గీకేసి, ఎముకకు చిన్న చిల్లులు పొడుస్తారు. అక్కడ ఊరిన రక్తంతో కొత్త పొర కడుతుంది. అసలంత గట్టిది కాదు, చీరకు వేసిన మాసిక లాంటిది. గాయం పెద్దదైతే మోకాలి నుంచి ముక్క తెచ్చి పొదుగుతారు. ఆ పైన కొన్ని వారాలు కాలు నేల మోపకూడదు.

చిక్కంతా అక్కడే! కత్తికి జంకని వదిన, "అన్నాళ్ళు వంటెవరు చేస్తారూ?" అని బెంగపడింది. అన్నయ్యే చేశాడు. ఉప్పెక్కువైన పప్పు అందరూ మాట్లాడకుండా తిన్నారు.

బెణుకు నొప్పి నెలన్నర దాటినా పోకపోతే ఎముకల డాక్టరుకు చూపించుకోండి. "బెణుకేగా" అన్నవారికి ఈలోగా కాఫీ కలపడం నేర్పండి!